ధాత కరువులో నిలిచిన విశ్వాసం: ఒంగోలు క్లౌ దొర జీవితం

మన తాడేపల్లి, సీతానగరం పక్కన కృష్ణమ్మ నుంచి విడివడి వచ్చే కాలువను మనమంతా రోజూ చూస్తూనే ఉంటాం. ఆ నీరు దుగ్గిరాల మీదుగా కొమ్మమూరు కాలువై పెదగంజాం దాకా పోతుంది. అక్కడ సముద్రపు ఒడ్డు వెంట సాగే బకింగ్‌హామ్ కాలువతో కలుస్తుంది. లారీలు రాని రోజుల్లో ఉప్పు, ధాన్యం, కట్టెలు వేసుకుని పడవలు ఈ దారినే మద్రాసు దాకా వెళ్లేవి. ఆ బకింగ్‌హామ్ కాలువలో ఒంగోలు ప్రాంతపు భాగాన్ని 1877, 1878 సంవత్సరాల్లో తవ్వారు. తవ్వినవాళ్లు ఆకలితో ఎముకల గూళ్లయిన పేదలు. అందులో మూడున్నర మైళ్ల పనిని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందిని బతికించినవాడు ఒక క్రైస్తవ మిషనరీ. ఆయనే జాన్ ఎవరెట్ క్లౌ. ఒంగోలు వైపు పెద్దలు ఆయనను క్లౌ దొర అంటారు.

ఈ ఏడాది మన సంఘం సావనీరులో ఆయన జీవితం రాయాలనుకోవడానికి ఒక కారణం ఉంది. మన పిల్లల్లో పోలేరమ్మకు మొక్కేవారున్నారు, సేవాలాల్ మహరాజ్‌ను కొలిచేవారున్నారు, ఆదివారం చర్చికి వెళ్లేవారున్నారు. ఎవరి దేవుణ్ణి వారు నమ్ముకుంటారు. కానీ హాస్టల్ నడిపే మా దగ్గరికి అందరూ ఒకే ప్రశ్న తెస్తుంటారు. ఇంత ప్రార్థన చేసినా ఇంట్లో అప్పు తీరలేదేం, నాన్న తాగుడు మానలేదేం, పరీక్ష పోయిందేం అని. ఈ ప్రశ్నకు పుస్తకంలో జవాబు వెతకడం కంటే, విశ్వాసాన్ని పట్టుకుని కష్టాల మధ్య నడిచిన ఒక మనిషిని, ఆయనతో నడిచిన పేదలను చూడటం మేలనిపించింది.

సర్వే గొలుసు పట్టిన కుర్రాడు

క్లౌ 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, ఫ్రూస్‌బర్గ్ అనే ఊరి దగ్గర పుట్టాడు. కలిగిన కుటుంబం కాదు. బతుకుతెరువు వెతుక్కుంటూ ఆ కుటుంబం పడమటికి, ఇల్లినాయ్‌కు, తర్వాత అయోవాకు వలస వెళ్లింది. పిల్లవాడికి చిన్నప్పటి నుంచీ పొలం పని తెలుసు. ఇంకా మీసాలు రాని వయసులోనే ప్రభుత్వ సర్వే బృందంలో చేరి మిన్నెసోటా అడవుల్లో నేల కొలిచే పని నేర్చుకున్నాడు. గొలుసు పట్టడం, మట్టం చూడటం, లెక్క కట్టడం, చలిలో గుడారంలో పడుకోవడం, మోటు మనుషులతో పని చేయించడం అన్నీ అక్కడే వచ్చాయి.

ఒక మాట మన పిల్లలు మరచిపోకూడదు. ఆ కొలిచిన నేల అంతకుముందు అక్కడి ఆదివాసులది. 1851లో డకోటా ప్రజలతో ఒప్పందాలు చేయించుకుని అమెరికా ప్రభుత్వం మిన్నెసోటాలో చాలా భూమిని తీసుకుంది. ఆ తర్వాతే సర్వే గొలుసులు అక్కడ అడుగుపెట్టాయి. భూమి పోగొట్టుకున్న జనం వైపు నుంచి చూస్తే ఆ గొలుసు మంచి వస్తువు కాదు. అక్కడ నేర్చిన విద్యే ఇరవై ఏళ్ల తర్వాత ఇక్కడ మన ప్రాంతపు పేదలకు అన్నం పెట్టింది. చరిత్రలో ఇలాంటి మెలికలు ఉంటాయి. రెండు వైపులా తెలుసుకోవడం మంచిది.

లాయరు కావాలన్న ఆశతో క్లౌ అయోవాలోని బర్లింగ్టన్‌లో చదువుకు చేరాడు. అప్పుడు ఆయనకు దేవుడంటే లెక్క లేదు. గదిలో తోటి విద్యార్థి రోజూ బైబిలు చదివి ప్రార్థన చేస్తుంటే చిరాకు పుట్టి, నేల మీద సుద్దముక్కతో అడ్డంగా గీత గీశాడు. ఆ భక్తి ఏదో గీతకు అవతలే ఉండాలని షరతు పెట్టాడు. ఆ పిల్లవాడు పోట్లాడలేదు, ప్రార్థన మానలేదు. గీతకు అవతల కూర్చుని తన పని తాను చేసుకున్నాడు. కొన్నాళ్లకు గీత గీసినవాడే అటువైపు వెళ్లి కూర్చున్నాడు. 1858లో బాప్తిస్మం పొందాడు. వాదనతో మారని మనిషి పక్కవాడి నిలకడ చూసి మారాడు. హాస్టల్ గదుల్లో ఉండే మన పిల్లలకు ఇది బాగా అర్థమవుతుంది.

1861లో హారియెట్ సండర్లాండ్‌తో క్లౌకు పెళ్లయింది. 1864లో బాప్టిస్టు మిషన్ వారిద్దరినీ తెలుగు దేశానికి ఎంపిక చేసింది. నవంబరు నెలాఖరున బోస్టన్‌లో ఓడ ఎక్కారు. నెలల తరబడి సముద్రం మీద ప్రయాణించి 1865లో మద్రాసులో దిగారు.

మూసేయబోయిన మిషన్

వారు చేరిన పనికి అమెరికాలో ఒంటరి నక్షత్రం అని పేరు. 1836లో శామ్యూల్ డే మొదలుపెట్టిన ఈ తెలుగు మిషన్‌కు దాదాపు ముప్పై ఏళ్లు గడిచినా నెల్లూరులో గుప్పెడు మందే చేరారు. పటంలో మిగిలిన మిషన్ల చోట నక్షత్రాలు గుంపుగా కనబడితే, తెలుగు నేల మీద ఒక్కటే ఉండేది. ఖర్చు దండగ, మూసేద్దామని అక్కడి పెద్దలు ఒకటికి రెండుసార్లు ఆలోచించారు. అయినా నెల్లూరులోని లైమన్ జ్యూయెట్ దొర కదల్లేదు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆయన, ఆయన భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు నరసు, జూలియా, రూతు కలిసి ఒంగోలు పక్కన కొండ ఎక్కి, ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ప్రార్థించారు. ఆ కొండను నేటికీ ప్రార్థన కొండ అంటారు. కోరుకున్న మనిషి రావడానికి పన్నెండేళ్లు పట్టింది. 1866 సెప్టెంబరులో క్లౌ దంపతులు ఒంగోలులో కాపురం పెట్టారు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో అక్కడ సంఘం మొదలైంది.

ఆ ఐదుగురిలో ముగ్గురు మన తెలుగువారే. ఫలితం కనబడని పన్నెండేళ్లు వాళ్లు తమ పని తాము చేసుకుంటూ పోయారు. చరిత్ర పుస్తకాల్లో దొరల పేర్లు పెద్దవిగా, ఇలాంటివారి పేర్లు చిన్నవిగా ఉంటాయి. మనం మాత్రం రెండూ సమానంగా చదువుకుందాం.

తాళ్లకొండపాడు పేరయ్య

క్లౌ గొప్పతనంలో సగం యర్రగుంట్ల పేరయ్యది. పేరయ్య మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి. ఒంగోలుకు పడమట దూరంగా ఉన్న తాళ్లకొండపాడు ఆయన ఊరు. బడి చదువు లేదు గాని దేవుణ్ణి వెతికే మనసు చిన్నప్పటి నుంచే ఉంది. వీరమ్మ అనే స్త్రీ గురువు దగ్గర రాజయోగం నేర్చాడు. తానూ కొందరికి గురువయ్యాడు. అంటరానివారని ఊరు దూరం పెట్టిన పల్లెల్లో అంత లోతైన భక్తి సంప్రదాయం, అందులోనూ ఆడమనిషి గురువుగా ఉన్న సంప్రదాయం ఉండేదని మన పిల్లలు తెలుసుకోవాలి. క్రైస్తవం ఖాళీ కుండలో పడలేదు. అక్కడ అప్పటికే దాహం ఉంది, వెతుకులాట ఉంది.

వ్యాపారం మీద ఉత్తరాన ఏలూరు వైపు వెళ్లినప్పుడు పేరయ్య యేసు సంగతి విన్నాడు. ఒంగోలుకు దొర వచ్చాడని తెలిసి అంత దూరం నడిచి వెళ్లాడు. 1866లో ఆయన, భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. తర్వాత పేరయ్య ఊరూరా తిరిగి తన బంధువులకు, శిష్యులకు చెప్పుకున్నాడు. 1867 జనవరిలో క్లౌ తాళ్లకొండపాడు వెళ్లేసరికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం సద్దిమూటలు కట్టుకుని వచ్చి చెట్ల కింద కూర్చున్నారు. ఐదు రోజులు బోధ సాగింది. చివరికి 28 మంది బాప్తిస్మం పొందారు. దొర వెళ్లి జనాన్ని పిలిచాడని అనుకుంటాం గాని, నిజానికి పేరయ్య జనాన్ని సిద్ధం చేసి దొరను పిలిపించాడు.

ఆ వెంటనే క్లౌకు మొదటి గట్టి పరీక్ష ఎదురైంది. ఒంగోలు పట్టణంలో క్లౌ దంపతులు నడిపే బడికి బ్రాహ్మణుల పిల్లలు, ఇతర పై కులాల పిల్లలు వస్తుండేవారు. పట్టణంలో మంచి మర్యాద ఉండేది. మాదిగలను సంఘంలో చేర్చుకుంటున్నారని తెలియగానే ఆ పెద్దలు అభ్యంతరం చెప్పారు. వాళ్లు కావాలా, మేము కావాలా అన్న చోటికి వచ్చింది. ఆ రోజు క్లౌ ఒక గదిలో, హారియెట్ ఇంకో గదిలో, ఒకరికొకరు చెప్పుకోకుండానే బైబిలు తెరిస్తే, ఇద్దరికీ ఒకే చోటు కంటబడిందని క్లౌ తన జీవిత కథలో చెప్పుకున్నాడు. కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రికలో, లోకం లెక్కచేయని వారిని దేవుడు ఎంచుకున్నాడని చెప్పే భాగం అది. ఇద్దరూ నిర్ణయం తీసుకున్నారు. బడిలో పిల్లలు తగ్గారు. పట్టణపు మర్యాద పోయింది. పల్లెల తలుపులు తెరుచుకున్నాయి.

మూడు నియమాలు, రోజువారీ చిక్కులు

కొత్తగా చేరినవారికి పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి తేలిక. ఊరిలో బతికే పేదవాడికి ఒక్కొక్కటీ ఒక్కో గొడవ.

ఎందుకో చూద్దాం. ఆ కాలంలో మాదిగ కుటుంబం ఊరి రైతులకు కట్టుబడి ఉండేది. చెప్పులు, మోట తోలు బొక్కెనలు, వారులు చేసివ్వాలి. చచ్చిన పశువును తీసేయాలి. జాతరకు డప్పు కొట్టాలి. పిలిచినప్పుడల్లా వెట్టికి పోవాలి. బదులుగా పంట కళ్లంలో ఇంత గింజ దొరికేది. ఆదివారం కోతకు రానంటే కళ్లంలో గింజ ఆగిపోయేది. జాతర డప్పు కొట్టనంటే ఊరంతా ఒక్కటయ్యేది. పశువు మాంసం ముట్టనంటే కరువు రోజుల్లో కుండలో ఉడికేది ఉండదు. పైగా బావి దగ్గర అడ్డు, దొంగ కేసులు, దెబ్బలు. దేవుణ్ణి నమ్మాక వారి కష్టాలు తగ్గలేదు, పెరిగాయి. ఇది మనం దాచకుండా చెప్పుకోవాలి.

మరి ఎందుకు నిలబడ్డారు? ఆ మూడు నియమాల వెనక మనిషి విలువ ఉంది. వారానికి ఒక రోజు తనదని చెప్పగలగడం, కుళ్లిన మాంసం తన వంతు కాదని చెప్పగలగడం, తరతరాలుగా అణిగి ఉన్నవాడికి చిన్న విషయం కాదు. ఆదివారం నాడు ఒక చెట్టు కింద చేరి పాడుకోవడం, దెబ్బలు తిన్నవాడి ఇంటికి పది ఊళ్ల నుంచి మనుషులు రావడం వారికి బలాన్నిచ్చింది. ఒంటరిగా ఉన్నప్పుడు కష్టం మనిషిని మింగేస్తుంది. నలుగురు ఉన్నప్పుడు పంచుకోవచ్చు. క్లౌ ఊరూరా తిరిగి వారి పక్కన కూర్చునేవాడు. తెలుగు బోధకులను తయారు చేసి వారి మీదే సంఘాలను నిలిపాడు. వారు కూడా చెప్పులు కుట్టుకునే ఇళ్ల నుంచి వచ్చినవారే.

ధాత కరువు

1876లో వానలు పోయాయి. అది ధాత నామ సంవత్సరం కావడంతో మన పెద్దలు దాన్ని ధాత కరువు అన్నారు. మద్రాసు ప్రెసిడెన్సీ, మైసూరు, బొంబాయి, హైదరాబాదు ప్రాంతాలన్నీ ఎండిపోయాయి. 1878 దాకా సాగిన ఆ కరువులో బ్రిటిష్ పాలనలోని ప్రాంతాల్లోనే యాభై లక్షలకు పైగా జనం చనిపోయారని అంచనా. వాన లేకపోవడం ఒక్కటే కారణం కాదు. ధాన్యం ఉన్నచోట నుంచి ఎగుమతి ఆగలేదు. ధరలు ఆకాశానికి అంటాయి. ప్రభుత్వం ఖర్చు తగ్గించాలనే చూసింది. కరువు పనుల్లో రోజంతా మట్టి మోసిన మగమనిషికి సుమారు 450 గ్రాముల ధాన్యం, ఒక అణా చాలని సర్ రిచర్డ్ టెంపుల్ లెక్క కట్టాడు. తర్వాత కలరా, జ్వరాలు వచ్చి ఆకలి మిగిల్చిన వారిని తీసుకుపోయాయి.

అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్. ఆయన పేరుతోనే తీరం వెంట కాలువ తవ్వకం కరువు పనిగా సాగింది. క్లౌ ఆ పని దగ్గరికి వెళ్లి చూశాడు. తన పల్లెల మనుషులు అక్కడ పనికి పోయినా కులం పేరుతో మేస్త్రీల చేతిలో నలిగిపోతున్నారు. అప్పుడు ఆయన తన పాత విద్యను బయటికి తీశాడు. ప్రభుత్వం దగ్గర మూడున్నర మైళ్ల కాలువ పనిని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. నేల కొలవడం, మట్టి లెక్క కట్టడం ఆయనకు వచ్చు కనుక ఇంజనీర్ల ముందు తడబడలేదు. తన తెలుగు బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. కూలి డబ్బు మధ్యలో ఎవరి చేతిలోనూ జారకుండా పనివాడికి అందేలా చూశాడు. తాటాకు పాకలతో పెద్ద మకాం వెలిసింది. సంగతి తెలిసి దూరపు ఊళ్ల నుంచి కూడా జనం నడుచుకుంటూ వచ్చారు. దారిలో పడిపోయినవారు ఎందరో. మకాంలోకి కలరా వచ్చినప్పుడు కూడా పని పూర్తిగా చెదరలేదు.

పగలు మేస్త్రీలుగా ఉన్నవారు పొద్దుగూకాక పాకల ముందు కూర్చుని, బరువు మోసేవారిని యేసు తన దగ్గరికి పిలిచిన మత్తయి సువార్త భాగం చెప్పేవారు. పొద్దంతా తట్ట మోసిన మనిషికి ఆ మాట అర్థం కావడానికి పెద్ద వివరణ అక్కర్లేదు. చెప్పినవాడు తనతోపాటు అదే ఎండలో నిలబడ్డాడు. కూలి లెక్కలో మోసం చేయలేదు. అందుకే నమ్మారు.

పదిహేను నెలలు ఆగిన బాప్తిస్మం

క్లౌ జీవితంలో మాకు అన్నిటికంటే పెద్దదిగా కనిపించే సంగతి ఇదే. కరువు మధ్యలో వేలమంది వచ్చి తమకు బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. 1877 మార్చి నుంచి 1878 జూన్ దాకా, దాదాపు పదిహేను నెలలు ఆపేశాడు. అన్నం కోసం మతం మార్చుకున్నారన్న మాట ఆ పేదల మీద పడకూడదు, తాను ఆకలిని అడ్డుపెట్టుకున్నానన్న మచ్చ తన మీద పడకూడదు అనుకున్నాడు. పని కావాలంటే పని, గంజి కావాలంటే గంజి, అందులో ఎవరి దేవుడు ఎవరన్న లెక్క లేదు. విశ్వాసం సంగతి ఆకలి తీరాక చూద్దాం అన్నట్టు నడిచాడు.

సంఘంలో లెక్క పెరగడం మిషనరీకి మంచి పేరు తెస్తుంది. మూసేద్దామనుకున్న మిషన్‌కు అది ఇంకా అవసరం. చేతికి అందిన ఆ పేరును ఏడాదికి పైగా పక్కన పెట్టాడు. సాయం చేసి బదులు అడగకపోవడం ఎంత కష్టమో ఓట్ల కాలంలో పెరిగిన మనకు తెలుసు.

కరువు సాయం ఆగిపోయింది, వానలు మొదలయ్యాయి. అయినా జనం వస్తూనే ఉన్నారు. అప్పుడు వారి ఊళ్లు, పేర్లు, నడవడి బోధకులతో విచారించి పిలిచారు. ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లిలో 1878 జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మొత్తం మూడు రోజుల్లో 3,536 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరు నీళ్లలో దిగి ఇస్తుంటే మిగిలినవారు ఒడ్డున ఉండి, అలసిన కొద్దీ మారేవారు. క్లౌ తాను నీళ్లలో దిగలేదు. ఒడ్డున ఉండి ఏర్పాట్లు చూశాడు. ఆ ఏడాది చివరికి అలా చేరినవారు 9,606 మంది. ఒంటరి నక్షత్రం అన్న పేరు అక్కడితో పోయింది.

అంత జనం ఒక్కసారి చేరడం మీద అప్పుడే విమర్శలు వచ్చాయి. నేర్పడానికి చాలినంతమంది టీచర్లు లేరు, డబ్బు లేదు. కొందరు పాత అలవాట్లకు తిరిగి వెళ్లిపోయారు. ఉన్నవారిలో కూడా పేదరికం ఒక్కరోజులో పోలేదు. క్లౌ మిగిలిన జీవితమంతా ఆ భారం మోశాడు. పల్లె బడులు పెట్టించాడు. ఒంగోలులో హైస్కూలు వచ్చింది. చెప్పులు కుట్టే ఇళ్ల పిల్లలు పలకా బలపం పట్టారు, టీచర్లయ్యారు, నర్సులయ్యారు. 2,222 అన్న అంకె కంటే ఆ పలకలే ఎక్కువ కాలం నిలిచాయి.

1893లో హారియెట్ కన్నుమూసింది. మరుసటి ఏడాది ఎమ్మా రౌషెన్‌బుష్‌తో క్లౌకు వివాహమైంది. ఆమె మాదిగ పల్లెల కథలను వారి నోటనే విని 1899లో ఇంగ్లీషులో పుస్తకం తెచ్చింది. పేరయ్య, వీరమ్మల సంగతులు ఇప్పటికీ మనకు తెలుస్తున్నాయంటే ఆమె చలవే. దాదాపు నలభై ఏళ్లు తెలుగు నేల మీద గడిపిన క్లౌ 1910 నవంబరు 24న అమెరికాలోని రోచెస్టర్‌లో చనిపోయాడు. ఆయన చెబుతుండగా ఎమ్మా రాసిన జీవిత కథ 1914లో అచ్చయింది. ఒంగోలులోని క్లౌ స్మారక ఆసుపత్రి ఆయన పేరును నిలిపింది.

మన సంగతి

క్లౌ పని ఎక్కువగా మాదిగ పల్లెల్లో సాగింది. మన ఎరుకల, యానాది, సుగాలి తెగల మధ్య మిషన్ల పని తర్వాత కాలంలో, వేరే రూపంలో వచ్చింది. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ తెగల చట్టం 1911 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలోనూ అమలైంది. బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ చేతికి, కావలిలో అమెరికన్ బాప్టిస్టుల చేతికి ప్రభుత్వం సెటిల్‌మెంట్లను అప్పగించింది. మన సీతానగరంలోనూ సెటిల్‌మెంటు ఉండేది. అక్కడ బడి ఉంది, పని ఉంది, ప్రార్థన ఉంది. దాంతోపాటు హాజరు పట్టీ ఉంది, అనుమతి లేకుండా ఊరు దాటకూడదన్న కట్టు ఉంది. పుట్టుకతోనే దొంగలన్న ముద్ర ఉంది. 1952లో దేశమంతటా ఆ ముద్ర చట్టం నుంచి తొలగింది. మనుషుల నోళ్ల నుంచి ఇంకా పూర్తిగా తొలగలేదు.

రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకచోట కాలువ పని దగ్గరికి వచ్చినవాడు ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్లిపోవచ్చు, దేవుడి మాట వినకపోయినా కూలి అందుతుంది. ఇంకోచోట మనిషి చుట్టూ కంచె ఉంది. స్వేచ్ఛగా ఎంచుకున్నప్పుడే విశ్వాసం మనిషిని నిలబెడుతుంది. ఈ తేడా మన యువత గుర్తుంచుకోవాలి. ఎవరైనా సాయం పేరుతో మీ మనసును కొనాలని చూస్తే, అది ఏ మతమైనా, ఏ పార్టీ అయినా, పదిహేను నెలలు ఆగిన ఆ మనిషిని తలచుకోండి.

ఇక మొదటి ప్రశ్న దగ్గరికి వద్దాం. ప్రార్థించినా కష్టం ఎందుకు పోలేదు? తాళ్లకొండపాడు వారికీ పోలేదు. కరువు వచ్చినప్పుడు క్లౌ ప్రార్థించాడు, లేచి సర్వే గొలుసు అందుకున్నాడు. విశ్వాసం ఆయనకు ఆకాశం నుంచి ధాన్యం తెచ్చిపెట్టలేదు. చేతిలో ఉన్న విద్యను ఇతరుల కోసం వాడే ధైర్యం ఇచ్చింది. పేరయ్య చేతిలో ఉన్నది కాళ్ల సత్తువ, మాట మంచితనం. ఆయన దానితోనే నడిచాడు. జూలియా, రూతు చేతిలో ఏమీ లేకపోతే కొండ ఎక్కి ప్రార్థించారు, దిగివచ్చి పన్నెండేళ్లు ఓపిక పట్టారు.

మన కష్టాలు మనకు తెలుసు. సంక్రాంతి దాటగానే మిరప కోతలు మొదలవుతాయి. అమ్మానాన్నల వెంట పొలానికి పోయిన పిల్లల మంచాలు హాస్టల్‌లో ఖాళీ అవుతాయి. పబ్లిక్ పరీక్షలు సరిగ్గా అప్పుడే. పత్తి పోయిన ఏడాది అప్పులవాడు గుమ్మంలో కూర్చుంటాడు. కుల ధ్రువీకరణ పత్రం కోసం నాలుగుసార్లు తిరిగితే నాలుగు రోజుల కూలి పోతుంది. కాలేజీలో ఇంటిపేరు అడిగి చూపు మార్చేవారుంటారు. ఇవి చిన్నవి కావు. ఒక్క ప్రార్థనతో పోయేవీ కావు.

అందుకే మీకు నాలుగు మాటలు చెబుతున్నాం. మీరు నమ్మిన దేవుడి ముందు మీ కష్టాన్ని దాచకుండా చెప్పుకోండి, చెప్పుకున్నాక ఆ రోజు చేయగలిగిన ఒక్క పని చేయండి. అప్లికేషన్ నింపడమో, ఒక పాఠం చదవడమో, టీచరుకు ఫోన్ చేయడమో ఏదైనా సరే. మీకు వచ్చిన విద్య ఎంత చిన్నదైనా తీసిపారేయకండి. బుట్ట అల్లే చేయి, వల విసిరే చేయి, అద్దాల కుట్టు వేసే చేయి ఎప్పుడు ఎవరికి అన్నం పెడుతుందో తెలియదు. కష్టంలో ఒంటరిగా ఉండకండి. చర్చి అయినా, సంఘం అయినా, హాస్టల్ అయినా నలుగురి మధ్యకు రండి. ముఖ్యంగా, బతుకు మీద విసుగు పుట్టిన రాత్రి ఎవరినో ఒకరిని నిద్ర లేపండి. అర్ధరాత్రి తలుపు తట్టినందుకు మేము ఎవరినీ కోప్పడం.

మిరప కోతలకు వెళ్లిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ సావనీరు ఎవరి ఫోన్లోనైనా చూస్తే, మీ మంచాలు మీకోసం అలాగే ఉంచామని గుర్తుపెట్టుకోండి. పరీక్షల ముందు రోజైనా సరే, వచ్చేయండి.